పాత చేతియాట యంత్రమును ఎన్నుకొనుట ఎట్లు?



సంక్రాంతికి మన కొత్తపేట యిండ్లకు పిల్లలు వత్తురు. కొందఱు హైదరాబాదునుండి, కొందఱు బెంగుళూరునుండి, మఱికొందఱు సముద్రముల కావలనుండి. ప్రభలను, బాణసంచాను చూచి యిల్లు చేరిన పిమ్మట, మనుమడో కూతురి కొడుకో అరుగుమీద మన ప్రక్కకు చేరి యొక కోరిక కోరును. మన చిన్ననాట ఆ కోరిక బొంగరమో, గాలిపటమో అయియుండెడిది. మూడేండ్ల క్రిందట మా మనుమడు కోరినది వేఱు. "తాతయ్యా, నాకొక పి.ఎస్.పి. కొనిపెట్టవూ? పాతదైనా సరే" అని వాడడిగెను.

ఆ మూడక్షరముల యర్థము నాకప్పుడు తెలియదు. తెలియదని యొప్పుకొనుట పెద్దఱికమునకు లోటని తలచి, "సరేలేరా" అంటిని. నగరమునకు పోయినప్పుడు ఒక యంగడిలో అన్నిటికంటె చిన్నదానిని, కంటికింపైన దానిని, ధర యెక్కువైనను వెనుదీయక కొని తెచ్చితిని. అది యైదు నెలలు పనిచేసెను. ఆఱవ నెలలో దాని బ్యాటరీ చచ్చెను. దానిని విప్పి మార్చువాడు మన చుట్టుప్రక్కల దొరకలేదు. క్రొత్త యాట బిళ్లయైనను కొనియిత్తమన్న, ఆ నమూనాకు బిళ్ల వేయు చోటే లేదట! "పరవాలేదులే తాతయ్యా" అని పిల్లవాడు దానిని బీరువాలో దాచుకొనెను. ఆ మాట నాకు తిట్టుకంటె ఎక్కువ తగిలినది. నేను చేసిన పొరపాటు మీరు చేయకుందురుగాక యని, ఆ పిమ్మట నేను తెలిసికొన్న సంగతులను నేడు మీకు విన్నవించుచున్నాను.

పి.ఎస్.పి. యనగా ప్లేస్టేషన్ పోర్టబుల్. జపాను దేశపు సోనీ సంస్థవారు చేసిన చేతియాట యంత్రము. నడుమ వెడల్పైన తెర, ఎడమ ప్రక్క నాలుగు దిక్కుల మీటలు, కుడి ప్రక్క మఱి నాలుగు మీటలు ఉండును. రెండు చేతులతో పట్టుకొని బొటనవ్రేళ్లతో ఆడవలెను. 2004వ సంవత్సరము డిసెంబరులో ఇది జపానులో అమ్మకమునకు వచ్చెను; 2005లో అమెరికాకును ఐరోపాకును చేరెను. లోకమంతట సుమారు 8 కోట్ల యంత్రములు అమ్ముడుపోయినవి. 2014లో సంస్థవారు దీని సరఫరాను నిలిపివేసిరి. కావున నేడు మనకు దొరకు పి.ఎస్.పి., పెట్టె విప్పనిదని యెవరు చెప్పినను, వయసు మీఱిన సరుకేయని మొదట గుర్తుంచుకొనవలెను.

ఇంటింట సెల్‌ఫోను ఉండగా ఈ ముసలి యంత్రమేల? ఈ ప్రశ్నను నేను వానినే అడిగితిని. "ఫోనులో ఆడుతుంటే మధ్యలో ప్రకటనలు వస్తాయి, డబ్బు కట్టమంటుంది. ఇందులో ఆట అంటే ఆటే" అని వాడు చెప్పెను. ఆ మాటలో సత్యము కలదు. బిళ్ల యొకమారు కొన్నచో ఆట మనదే; నడుమ చేయి చాపి అడుగువాడు లేడు. ఫోనులలో పందెపుటాటలు ప్రబలి యెన్ని కుటుంబములు అప్పులపాలైనవో మీరెఱుగుదురు. అందువలననే మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2020లో చట్టమును సవరించి అట్టి వానిని నిషేధించిరి. ఆ వల లేని యాటవస్తువును పిల్లవాడు తానై కోరినప్పుడు, తెలియదని త్రోసిపుచ్చక, తెలిసికొని కొనిపెట్టుట మన పని.

ఇక నమూనాల సంగతి. ఈ యంత్రము ఒక్క రూపమున లేదు. ముఖ్యముగా అయిదు నమూనాలు కలవు. బ్యాటరీ యుంచు అఱను తెఱచి చూచినచో, లోపల అంటించిన చీటిమీద పి.ఎస్.పి. అను అక్షరముల తర్వాత నాలుగంకెలు కనబడును. మొదటి యంకె నమూనాను తెలుపును. చివరి యంకె అది యే దేశమున అమ్మకమునకు ఉద్దేశింపబడినదో తెలుపును. చివరి యంకెను గూర్చి దిగులుపడవలదు. ఈ యంత్రపు ఆట బిళ్లలు ఏ దేశమువైనను ఏ దేశపు యంత్రములోనైనను ఆడును. సినిమా బిళ్లలకు మాత్రమే దేశభేదము కలదు.

మొదటిది 1000. ఇది అన్నిటికంటె పెద్దన్న. బ్యాటరీతో గూడ 280 గ్రాములు తూగును, 23 మిల్లీమీటర్ల మందము. చేతికి దిట్టముగా నుండును. దీని బ్యాటరీయు పెద్దది. 1800 మిల్లీయాంపియరు గంటల శక్తి గలది. ఐన, తెరమీద బొమ్మ వేగముగా కదలునప్పుడు వెనుక నీడవలె మసక యేర్పడును.

రెండవది 2000. ఇది 2007లో వచ్చెను. బరువు 189 గ్రాములకు తగ్గినది, మందమును తగ్గినది. లోపలి జ్ఞాపకశక్తిని 32 మెగాబైట్లనుండి 64కు పెంచిరి. కంప్యూటరు తీగతో చార్జి చేసికొను వీలును, టీవీకి తగిలించు వీలును కల్పించిరి. బ్యాటరీని మాత్రము 1200కు తగ్గించిరి.

మూడవది 3000. ఇది 2008లో వచ్చెను. కొలతలో రెండవదానికి తోబుట్టువు. తెరలో రంగులు నిండుగా నుండును. పగటి వెలుగున అరుగుమీద కూర్చుండి ఆడినను తెర కొంత మేలుగా కనబడును. మాటలు వినుటకు మైకును లోపలనే అమర్చిరి. పాతకాలపు టీవీలమీదకూడ ఆట కనబడునట్లు చేసిరి. 2000 నమూనాలో ఆటలకు ఈ వీలు లేదు. దీని తెరపై వేగపు కదలికలందు సన్నని గీతలు కనబడునని కొందఱందురు. నా కంటికి ఆ లోపము ఆనలేదు. పిల్లలకు ఆనినను వారు దానిని లెక్కచేయలేదు.

నాలుగవది గో. 2009లో వచ్చెను. నేను మోసపోయినది దీనితోనే. మోసగించినది యంత్రము కాదు, నా తెలియమి. ఇది 158 గ్రాములు మాత్రమే తూగును, పైతెర జరిపినచో క్రింద మీటలు కనబడును, లోపల 16 గిగాబైట్ల చోటు కలదు. చూడ ముచ్చటైనది. కాని దీనికి బిళ్ల వేయు అఱ లేదు. ఆటలను సోనీవారి తంతి యంగడినుండియే దింపుకొనవలెను. ఈ యంత్రమునుండి నేరుగా తెఱచు ఆ యంగడి 2016లో మూతపడినది. బ్యాటరీయు లోపలనే బిగింపబడియున్నది. గోటితో తీసి మార్చుటకు వీలుపడదు.

అయిదవది ఇ-1000, దీనినే కొందఱు స్ట్రీట్ అందురు. 2011లో తక్కువ ధరకని ఐరోపా మొదలగు దేశములకై చేసిరి. దీనికి బిళ్ల వేయు అఱ కలదు. కాని గాలిద్వారా మఱియొక యంత్రముతో కలియు వై-ఫై శక్తి లేదు, ధ్వని యొక ప్రక్కనుండియే వచ్చును. బ్యాటరీని ఇందులోను మరలు విప్పినగాని తీయరాదు.

వీటా యను పేర సోనీవారే తర్వాత వేఱొక యంత్రమును చేసిరి. అది వేఱు జాతి. ఈ బిళ్లలు అందులో దూఱవు. ఇక పి.ఎస్.పి.ని పోలిన నకిలీలు సంతలలోను తీర్థములలోను కోకొల్లలు. పేరులో ఒక యక్షరము మార్చి, పైరూపము అట్లే పోతపోసి, చౌకగా అమ్ముదురు. గో కాని నిజమైన పి.ఎస్.పి. వెనుక బిళ్ల వేయు తలుపుండును. ఆ తలుపు లేనిదియు, ఉన్నను బొమ్మకై యుండి తెఱవరానిదియు నకిలీయని తెలియుడు.

పెద్దలారా, కోడెను కొనునప్పుడు దాని ముందు కాలమును చూతుము. వయసైన యెద్దును కొనునప్పుడు పండ్లు చూతుము, గిట్టలు చూతుము, నాలుగడుగులు నడిపించి చూతుము. ఈ యంత్రమును కొనుటయు వయసైన యెద్దును కొనుటవంటిదే. ఏ నమూనా క్రొత్తది, ఏది సన్నది యని కాదు ప్రశ్న. ఏ భాగము ముందుగా చెడును, చెడినప్పుడు దానిని మనము మార్చుకొనగలమా, ఇదియే ప్రశ్న.

ముందుగా చెడునది బ్యాటరీ. ఇది లిథియము బ్యాటరీ. వాడినను వాడకున్నను దీని శక్తి యేటేట తఱుగును. కొన్ని ముసలితనమున లోపల వాయువు పుట్టి ఉబ్బును. ఉబ్బినదానిని చార్జి చేయరాదు, నొక్కరాదు, పొడువరాదు, మంట పుట్టవచ్చును. చెత్తకుప్పలో వేసి కాల్చరాదు, మన కాలువలలో విసరరాదు. పాత ఎలక్ట్రానిక్ సరుకు తీసికొనువారికి ఒప్పగింపవలెను. 1000, 2000, 3000 నమూనాలలో బ్యాటరీని వెనుక మూత జరిపి చేతితోనే తీయవచ్చును. ఈ యొక్క గుణమే ఆ మూడింటిని మనవంటి వారికి దగ్గఱ చేయుచున్నది. 1000కు వాడు మందపు బ్యాటరీ 2000, 3000 నమూనాల మూతక్రింద ఇముడదు. కొనునప్పుడు నమూనా అంకె చెప్పి కొనవలెను. అదే కొలత గల బ్యాటరీపై 3600 అని అచ్చువేసి అమ్మువారు కలరు. కుంచెడు పట్టు కొలతపాత్రలో మూడు కుంచములు పట్టునా? అట్టి యంకెలను నమ్మవలదు.

రెండవది బిళ్లను త్రిప్పి చదువు భాగము. ఈ బిళ్ల పేరు యు.ఎం.డి. ప్లాస్టిక్ చిప్పలో ఇమిడిన చిన్న అద్దపు చక్రమువంటిది, 1.8 గిగాబైట్ల వఱకు పట్టును. యంత్రములోని మోటారు దానిని త్రిప్పుచుండగా సన్నని లేసరు కిరణము చదువును. దుమ్ము పడినను, మన కోనసీమ చెమ్మగాలి సోకినను ఈ భాగము తడబడును. మూడవది జ్ఞాపకపు పలక, మెమరీ స్టిక్. ఆట ఎంతవఱకు ఆడితిమో అది యీ పలకలో వ్రాసికొనును. పలక లేనిచో బిళ్ల ఆడునుగాని, ప్రతిదినము మొదటినుండి ప్రారంభింపవలసివచ్చును. ఈ పలకలు నేడు అరుదు. ఐన, ఫోనులలో వేయు చిన్న కార్డును ఇముడ్చుకొను తొడుగులు దొరకుచున్నవి. వానితో పని జరుగును.

ఇక చేతికి తీసికొని పరీక్షించు విధము. అంబాజీపేట కొబ్బరి బజారులో కాయను చెవియొద్ద నాడించి నీటిచప్పుడు విని బేరమాడు వారికి ఈ పరీక్ష కష్టము కాదు.

మొదట వెనుక మూత తీసి బ్యాటరీని బల్లమీద పెట్టుడు. అది సమముగా నిలువక బొంగరమువలె తిరిగినచో, ఉబ్బినదని యర్థము. మూత తేలికగా పడనిచోకూడ సందేహింపుడు. రెండవది, బిళ్ల వేసి యిరువది నిమిషములు ఆడించుడు. తిరుగు చప్పుడు మెత్తగా నుండవలెను. కరకరమన్నను, మాటిమాటికి ఆగి మరల ప్రారంభమైనను వలదనుడు. మూడవది, తెల్లని బొమ్మ, పిమ్మట నల్లని బొమ్మ తెరమీద తెప్పించి, మచ్చలున్నవేమో చూడుడు. నాలుగవది, ఎడమ ప్రక్క క్రిందనుండు చిన్న గుండ్రని మీటను తాకక విడిచిపెట్టుడు. తాకకయే ఆటలోని మనిషి యొకప్రక్కకు నడచినచో ఆ మీట అరిగినది. అది మార్చుకొనదగిన లోపమే, దానికి తగినంత ధర తగ్గింపుడు. అయిదవది, ఆటను పలకలో దాచి, యంత్రమును ఆర్పి, మరల వెలిగించి, దాచినది వచ్చినదేమో చూడుడు. కడపట చార్జరు తగిలించి దీపము వెలుగునా యని చూడుడు. 1000, 2000, 3000 నమూనాలకు 5 వోల్టుల చార్జరు తగినది. ఇంటిలోనున్న వేఱు చార్జరు మొన దూఱినదిగదా యని తగిలింపవలదు.

"నూఱు ఆటలు నింపి యిచ్చెదము" అని చెప్పు అమ్మకపువారు కలరు. యంత్రపు లోపలి వ్రాతను మార్చి, ఒకరి కష్టమును కాజేసి నింపు సరుకది. ధర చెల్లించి కొన్న బిళ్లలు నాలుగున్నను పిల్లవానికి వానియందు గౌరవముండును. నూఱు ఉన్నచో ఒక్కటియు పూర్తిగా ఆడడు. ఐరోపానుండి వచ్చిన బిళ్లల పెట్టెలమీద 3, 7, 12, 16, 18 అను అంకెలలో ఒకటి అచ్చువేయబడియుండును. అంతకు తక్కువ వయసువారికి అది తగదని భావము. చదువుకొన్న పెద్దలు ఆ యంకెను చూచి కొనుట మఱవరాదు. కత్తులు నెత్తురు గల యాటలును ఇందులో లేకపోలేదు.

ఈ సందర్భమున మనకు సంతోషము గలిగించు ముచ్చట యొకటి చెప్పెదను. ఈ యాటలన్నియు పరదేశములవే యని తలపవలదు. మన హైదరాబాదునందలి గేమ్‌శాస్త్ర యను సంస్థవారు "దేసీ అడ్డా" అను పేర నొక యాటల సంపుటిని రచించిరి. అది 2009లో ప్లేస్టేషన్ 2 యంత్రమునకును, పిమ్మట పి.ఎస్.పి.కిని వెలువడెను. అందున్నవేమి? మన బిళ్లంగోడు, మన చెడుగుడు, మన గాలిపటములు! తెలుగునేలమీద కూర్చుండి తెలుగువారు చేసిన యాట జపాను యంత్రములో ఆడినది. దొరికినచో ఆ బిళ్లను తప్పక సంపాదింపుడు. అందులో చెడుగుడు ఆడిన పిల్లవానిని మఱునాడు చేలగట్టున నిజమైన చెడుగుడుకు పిలుచుట సులభము.

ఏ నమూనా కొనవలెను? నా తీర్పు ఇది. బయట కొనవలసినచో 3000ను మొదట వెదకుడు. మంచి స్థితిలో తక్కువ ధరకు దొరకినచో 2000 అంతే మేలు. చేతికి దిట్టమైనది కావలెనన్నను, తెర మసకను ఓర్చుకొనగలమన్నను 1000 చెడ్డది కాదు. ఇంట ఒక్కడే పిల్లవాడు, వాడొంటరిగనే ఆడును అన్నచో, బాగుగా పరీక్షించి ఇ-1000 కొనవచ్చును. ఇద్దఱు పిల్లలున్న యింటికి అది పనికిరాదు. రెండు యంత్రములు ఎదురెదురుగా నుంచి, తంతి లేకయే ఇద్దఱు కలసి ఆడు సుఖము అందులో లేదు. గోను క్రొత్తగా కొనబోవువారికి నేను చెప్పను. ఇండ్లలోని నేటి వై-ఫైతో ఈ పాత యంత్రములు సాధారణముగా పొసగవు. అందుకు విచారింపవలదు; ఆ లోపమువలననే పిల్లవాడు ఆటలోనే యుండును, వేఱు త్రోవ పట్టడు.

ఐన, అంగడికి పోవుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. మీ అటకను, మీ ఇనుప పెట్టెను వెదకుడు. 2005కును 2014కును నడుమ మీ కుమారులలో ఎవరైన కళాశాలలో చదివియున్నచో, ఉద్యోగమునకు చేరియున్నచో, వారొకటి కొని మఱచియుండవచ్చును. నేను గోతో దెబ్బతిన్న పిమ్మట మా అటకమీద మా పెద్దవాని పుస్తకముల పెట్టెలో 2000 నమూనా యొకటి కనబడెను. బ్యాటరీ ఉబ్బి మూతను పైకి నెట్టియుండెను. దానిని జాగ్రత్తగా తీసివేసి క్రొత్తది వేయించితిమి. వెలిగినది! బిళ్ల తిరిగినది. జ్ఞాపకపు పలకలో మా వాడు చదువుకొనునాడు కార్ల పందెములో సాధించిన కాలము, వాని పేరుతో సహా, అట్లే యున్నది. మనుమడు దానిని చూచి, "నాన్న ఇంత వేగంగా తోలేవాడా?" అని యాశ్చర్యపడి, ఆ పండుగ మూడుదినములు తండ్రి లెక్కను మించవలెనని యత్నించెను. మూడవనాటి సాయంకాలము తండ్రియే వాని ప్రక్కన కూర్చుండి మలుపులు ఎట్లు తీయవలెనో నేర్పెను. మఱుసటి యేట మనుమరాలికి ఒక 3000 కొంటిమి. ఇద్దఱును ఎదురెదురుగా కూర్చుండి ఆడుదురు.

దానిని నిలుపుకొనుటకు రెండు మాటలు. వాడని దినములలో బ్యాటరీని సగము చార్జితో బయటకు తీసి ఉంచుడు. మన గోదావరి గడ్డ చెమ్మ పడకుండునట్లు బిగుతైన డబ్బాలో, మందుసీసాలలో వచ్చు చెమ్మపీల్చు చిన్న పొట్లము నొకటి వేసి దాచుడు. ఇక పిల్లలకొక నియమము: దీపము పెట్టిన పిమ్మట గంటసేపు మాత్రమే. నియమము పెట్టు పెద్దవాడు తానును వారి ప్రక్కన కూర్చుండవలెను. దూరముననుండి కసరుటకంటె ప్రక్కనుండి చూచుట నియమమును ఎక్కువ నిలుపును.

వస్తువు పాతదగుట దోషము కాదు. పాతదానిని మరమ్మతు చేసికొనలేని స్థితిలో కొనుట దోషము. మన తండ్రులు నాగలి కఱ్ఱును, నావ తెడ్డును ఈ బుద్ధితోనే ఎంచిరి. అదే బుద్ధితో పిల్లవాని చేతిలోని ఆటవస్తువునుకూడ ఎంచవలెనని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.